చుట్టా, కషాయమూ, మధ్యలో ఒక బొటనవేలు

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో పిల్లి ఈనితే నాలుగు కూనలు పుడతాయి, నేను వీధి చివరికి వెళ్ళేసరికి అవి పధ్నాలుగవుతాయి. కాబట్టి ఇందులో ఎక్కడ అంకె కనబడినా మీరు మూడుతో భాగించుకోండి. మా ఆవిడైతే అయిదుతో భాగిస్తుంది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆవిడ లెక్క ఆవిడది.

రాజమండ్రిలో ఒక రక్తనాళాల డాక్టరు గారి దగ్గర డాప్లర్ టెక్నీషియన్‌గా పనిచేశాను. డాక్టరు గారు పెద్దవారై ఆసుపత్రి మూసేశారు. వేరే చోటికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ తిట్లు తినే ఓపిక లేక, యాభైలు మొదలవుతూనే నేనూ రిటైరైపోయాను. ఈ కోర్సు చదివి ఇప్పుడు ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "అంకుల్, ఇందులో ఏముంటుందండీ?" అని. కాళ్ళుంటాయమ్మా. ఓ లక్ష కాళ్ళు. వాటి వెంట, వాటిని మోసుకొచ్చే మనుషులు. కాళ్ళతో నాకెప్పుడూ పేచీ రాలేదు.

పని అంటే ఇదీ

పెన్సిలంత కడ్డీ, దానికో వైరు, వైరు చివర స్పీకరు. చీలమండ దగ్గర జెల్లీ రాసి కడ్డీ ఆనిస్తే లోపల రక్తం పారే చప్పుడు బయటికి వినిపిస్తుంది. మంచి నాళమైతే ‘హుష్‌షు, హుష్‌షు’ అని దూకుతూ వస్తుంది. పాడైన నాళం ‘హూ...’ అని ఒకటే నీరసపు మూలుగు. ఆ తర్వాత చేతికి కట్టే బీపీ పట్టీయే కాలికి కట్టి, అక్కడి బీపీ చూసి, చేతి బీపీతో పోల్చాలి. కాలిది బాగా తగ్గితే దారిలో ఎక్కడో అడ్డున్నట్టు.

"కాలికి బీపీ ఏంటండీ బాబూ! రేపు చెవికి కూడా చూస్తారా?" ఈ ప్రశ్న నన్ను ఉభయ గోదావరి జిల్లాల్లో అడగని మనిషి లేడు. అందరూ దాన్ని అప్పుడే తాము కనిపెట్టినట్టు అడిగి, నవ్వుతానేమోనని నా మొహంలోకి చూస్తారు. నవ్వాలి. నవ్వకపోతే కాలు ఇవ్వరు.

ఇందులో ఒక మోసం ఉంది. షుగరు పాతబడినవాళ్ళలో నాళాల గోడలకి సున్నం పట్టి రాయిలా అయిపోతాయి. పట్టీలో ఎంత గాలి కొట్టినా నొక్కుకోవు. దాంతో అంకె పెద్దదిగా వస్తుంది. లోపల రక్తం అడుగంటిపోయి ఉంటుంది, పైన అంకె మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతుంటుంది. చేరిన కొత్తలో అలాంటి అంకె చూసి ఒకాయన్ని అభినందించబోతుంటే డాక్టరు గారు వెనకనుంచి వచ్చారు. "దేవుడు చెవులెందుకిచ్చాడయ్యా నీకు? కళ్ళజోడు తగిలించుకోడానికా?" అన్నారు. అప్పటినుంచీ నేను ముందు విని, తర్వాతే చూసేవాణ్ణి.

శివారు భూములు

మన వాళ్ళకి రక్తనాళం గురించి చెప్పాలంటే బొమ్మలు అక్కర్లేదు. కాలువ చెబితే చాలు. గుండె బ్యారేజీ. అక్కణ్ణుంచి పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె. కాలివేళ్ళు శివారు పొలాలు. ఎగువన ఎవడు ఏ తప్పు చేసినా ముందు ఎండేది శివారే.

నాళం లోపల ఒక సన్నటి పొర ఉంటుంది. అది లాకుల దగ్గరుండే లస్కరు లాంటిది. దిగువకి నీళ్ళు ఎక్కువ కావలసి వస్తే గేటెత్తుతుంది, అంటే నాళాన్ని కాస్త వదులు చేస్తుంది. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే ఆ లస్కరు మొద్దుబారిపోతాడు. గేటు బిగుసుకుపోతుంది, గట్టు గరుకెక్కుతుంది, మేట వేస్తుంది.

ఉసిరికాయలో వగరు, పసుపులో రంగు, కాకరలో చేదు, ద్రాక్ష తొక్కలో నలుపు. వీటి వెనకుండే పదార్థాలు ఆ లస్కరుని కాస్త తట్టి లేపుతాయని ప్రయోగశాలల్లో చూశారట. అది అబద్ధమని నేను అనను, మా డాక్టరు గారూ అనలేదు. కూరలూ ఆకుకూరలూ బాగా తినమని ఆయనే గొంతు చించుకునేవారు. కానీ లస్కరుని లేపడం వేరు, పూడిపోయిన కాలువ తవ్వడం వేరు. పొక్లెయిన్ చేసే పని మునగాకు చెయ్యదు. ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ నా నాలుక అరిగి సగమైంది.

ఆకుల సంత

నా గదిలోకి ఖాళీ చేతులతో వచ్చిన షుగరు పేషెంటుని నేను చూడలేదు. సంచిలో ఒక సీసా ఉంటుంది. నేరేడు గింజల పొడి, పొడపత్రి, తిప్పతీగ, మెంతులు, ఇన్సులిన్ మొక్క అని పిలిచే ఇంకో మొక్క. దాని గురించి వాళ్ళు చెబుతారు, నేను వినాలి. రామచంద్రపురం నుంచి వచ్చిన ఒకాయన నా టేబుల్ మీద ఆకులు పరిచి రెండు గంటలు ఉపన్యాసమిచ్చారు. ఈలోపు వెనక క్యూ రైల్వే స్టేషన్ దాకా వెళ్ళింది.

తణుకు వైపు నుంచి ఒక బియ్యం వ్యాపారి వచ్చారు. కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయని, రక్తం బాగా ఆడాలని, వేపాకులు మరిగించిన నీళ్ళలో పాదాలు పెట్టుకున్నారు. తిమ్మిరి కాళ్ళకి వేడి తెలియదు కదా. "హాయిగా ఉందండి, అసలు మంట లేదు" అనుకుంటూ పేపరు మొత్తం చదివారట. లేచేసరికి పాదాల తోలు గిన్నెలోనే ఉంది.

"వేపాకు మంచిదే కదండీ?" అన్నారాయన, కట్టు కట్టించుకుంటూ.

"వేపాకు మంచిదేనండీ. నీళ్ళే మరిగాయి."

"అంటే చల్లటి వేపనీళ్ళు పెట్టుకోమంటారా?"

మీరే చెప్పండి, ఇలాంటప్పుడు మనిషి ఏం చెయ్యాలి? నేను బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాను.

ఇంకోవైపు చదువుకున్నవాళ్ళ ఆకులు. ఒకరోజు ద్రాక్షగింజల సారం క్యాప్సూళ్ళు పట్టుకుని టై కట్టుకున్న కంపెనీ ప్రతినిధి వచ్చాడు. గంధం పూసినట్టు నున్నగా మాట్లాడాడు. రక్తనాళాలు పసిపిల్లల నాళాల్లా అయిపోతాయన్నాడు. డాక్టరు గారు ఓపిగ్గా అంతా విని, "ఎవరి మీద చూశారు బాబూ?" అన్నారు.

"గాజు గిన్నెలో కణాల మీద అద్భుతంగా పనిచేసింది సార్. ఎలుకల్లో కూడా."

"మా ఓపీకి కణాలు రావయ్యా. కాళ్ళొస్తాయి. కాళ్ళ సంగతి తేలాక రా."

ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. కానీ ఆ సాయంత్రమే డాక్టరు గారు నాతో ఇంకో మాట అన్నారు. మన జనం ఇంగ్లీషు మందని తిట్టుకునే ఆ షుగరు తెల్లమాత్ర ఉంది చూశావూ, దాని పుట్టుక కూడా ఎక్కడో ఐరోపాలో ఒక మొక్కలో దొరికిన పదార్థంతోనే మొదలైందట. ఆ పదార్థం అలాగే వాడితే ప్రమాదమని, దాన్ని మార్చి, కొలిచి, ఏళ్ళ తరబడి మనుషుల్లో చూసి మాత్ర చేశారు. "ఆకుకీ మందుకీ తేడా కొలతేనయ్యా" అన్నారు. ఈ సంగతి నేను ఓ పదివేలమందికి చెప్పాను. అందరూ ఒకే ప్రశ్న అడిగారు: "ఆ మొక్క ఇక్కడ కడియం నర్సరీల్లో దొరుకుతుందాండీ?"

మాస్టారి వేలు

ఇక అసలు సంగతి. సుందర్రావు మాస్టారు లూథరన్ బడిలో పనిచేసి రిటైరైనవారు. వాళ్ళ ఊరి చర్చిలో కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం ఉంది. అది ఆయన తొక్కితేనే పలుకుతుంది. ఇంకెవరు తొక్కినా దగ్గుతుంది. ఆయన భార్య గ్రేసమ్మ గారు. ఇద్దరూ కలిసి వచ్చారు. మాస్టారి కుడికాలి బొటనవేలు నల్లబడి ఉంది.

"వేలు పోతే పోయింది బాబూ. కాలుండాలి. కాలు లేకపోతే పాట లేదు" అన్నారు మాస్టారు, బల్ల ఎక్కి పడుకుంటూ.

"ఆ మాటలేంటండీ, నోరు మూసుకుని పడుకోండి!" అని కసిరారు గ్రేసమ్మ గారు. తర్వాత నావైపు తిరిగి, "కిందటేడు ఊళ్ళో క్యాంపు పెట్టారండి. కాలి బీపీ చూసి, చాలా బాగుంది, చేతి కన్నా ఎక్కువుంది అన్నారు. అంతా నా కషాయం మహిమేనండి. పదకొండు రకాల ఆకులు. మరి ఇప్పుడెందుకిలా అయ్యింది?"

అదే ఆ దొంగ అంకె. కాలు రాయి కట్టిందని చెప్పాల్సిన అంకెని చూసి ఆవిడ పండగ చేసుకున్నారు.

కడ్డీ ఆనించాను. ‘హూ...’ అని పాడుబడ్డ ఇంట్లో గాలి తోలినట్టు మూలిగింది. వేళ్ళ దగ్గరైతే అదీ లేదు. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి బయటికి వెళ్ళడం ఆలస్యం, మాస్టారు నా చొక్కా పట్టుకుని లాగారు.

"సౌండు గారూ" అన్నారు. పేషెంట్లు నన్ను అలాగే పిలిచేవారు. "చిన్న మాట. మా ఆవిడకి చెప్పకూడదు మరి."

"చెప్పండి మాస్టారూ."

"నేను చుట్ట కాలుస్తానండి. అరటితోటలోకి వెళ్ళి. ఒకటో రెండో."

మాస్టార్లు ఒకటో రెండో అంటే నేను పది వేసుకుంటాను. ఈసారి అంకె ఊదడం కాదు, వాసనే చెబుతోంది. "మాస్టారూ, కాలి నాళాలకి పొగాకుని మించిన శత్రువు లేదండీ. షుగరు గేటు బిగిస్తే, చుట్ట దానికి తాళం వేస్తుంది."

ఆయన చాలా నొచ్చుకున్నారు. "ఇది లంక పొగాకు బాబూ! గోదారి ఒండ్రులో పండింది. కంపెనీ సరుకు కాదు. ఆవిడ కషాయంలో పదకొండు ఆకులున్నాయా, ఇది పన్నెండోది అనుకోండి. ఇదీ ఆకేగా!"

పొద్దున్నే నాళాలు తెరవడానికి పదకొండు ఆకులు తాగి, సాయంత్రం మూయడానికి ఒక ఆకు కాల్చే మనిషి! పైగా వాసన రాకుండా జామాకులు నములుతారట. అదో పదమూడో ఆకు.

మాస్టారు బాత్రూముకి వెళ్ళారో లేదో గ్రేసమ్మ గారు లోపలికొచ్చారు. తలుపు దగ్గరగా వేశారు.

"మా ఆయనకి షుగరు మీద ఎంత శ్రద్ధో చూశారాండి? ఆయనంతట ఆయనే జామాకులు నములుతున్నారు. మా పాస్టరు గారు కూడా మెచ్చుకున్నారు."

నేను కడ్డీకి అంటిన జెల్లీ తుడవడం మొదలుపెట్టాను.

"మరి... ఒక మాటండి. ఆయనకి చెప్పకండి. ఆ క్యాంపులో బాగుందన్నారు కదా, ఇంక ఆ మాత్రలెందుకు, కషాయంతో పడవని మా ఆడపడుచు చెబితే ఆపేశానండి. ఆయన ఊరుకోరు కదా. అందుకని షుగరు మాత్ర బదులు నా కాల్షియం మాత్ర ఇస్తున్నాను. రెండూ తెల్లగా, పొడుగ్గానే ఉంటాయి. ఏడాదైంది. ఫరవాలేదు కదండీ?"

ఒకే వేలు. ఒకే ఇల్లు. రెండు రహస్యాలు. రెండూ నా దగ్గరే. ఆ క్షణంలో నాకు ఈ ఉద్యోగం మీద, ఆకుల మీద, అన్నిటికన్నా పెళ్ళి అనే ఏర్పాటు మీద విరక్తి పుట్టింది.

స్పీకరు

పరుగెత్తి డాక్టరు గారికి రెండూ చెప్పాను. పేషెంటు తన సంగతి పక్కవాళ్ళకి చెప్పొద్దంటే చెప్పం. డాక్టరుకి దాచమంటే మాత్రం దాచకూడదు. ఈ ఒక్క నియమం మీ గోడ మీద రాసుకోండి.

ఆయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. "ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టు. నువ్వేం చెప్పకు. వినిపించు."

అలాగే చేశాను. ముందు గ్రేసమ్మ గారిని బల్ల మీద పడుకోమన్నాను. "నాకెందుకండీ? నాకేమైంది?" అని గొడవ చేశారు గానీ పడుకున్నారు. స్పీకరు పూర్తిగా పెంచాను. ఆవిడ కాలిలోంచి ‘హుష్‌షు, హుష్‌షు’ అని గోదావరి బ్రిడ్జి మీద గూడ్సు బండి పోతున్నట్టు మోగింది. కిటికీ అద్దాలు అదిరాయి. కింద వీధిలో కొబ్బరిబోండాలు కొట్టేవాడు కత్తి ఆపి పైకి చూశాడు.

తర్వాత మాస్టారి కాలు. ‘హూ...’



"ఇదేంటండీ?" అన్నారు గ్రేసమ్మ గారు. "ఆయనదెందుకిలా ఉంది? నేను చెయ్యని కషాయం లేదు కదండీ. నా చేత్తో నేనే ఏదైనా తక్కువ వేశానా?" ఆవిడ మాస్టారి వైపు తిరిగారు. "ఏవండీ, నా చేత్తోనే పాడుచేశానంటారా?"

"నీ చెయ్యి కాదే గ్రేసూ. నా చుట్ట."

"ఏ చుట్ట?"

"అరటితోటలో."

"అరటితోటలో? మరి ఆ జామాకులు?"

"వాసనకి."

ఆవిడ లేచి నిలబడ్డారు. కొడతారేమోనని నేను జెల్లీ సీసా పక్కకి జరిపాను. కానీ ఆవిడ మళ్ళీ కూర్చుండిపోయారు. "మీరు వేసుకునేది షుగరు మాత్ర కాదండి. నా కాల్షియం మాత్ర" అన్నారు.

"ఎప్పణ్ణించే?"

"క్యాంపు అయినప్పటినుంచి."

నలభై ఏళ్ళు చర్చిలో ఒకే పాట కలిసి పాడిన మనుషులు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ అరుచుకున్న అరుపులు ధవళేశ్వరం దాకా వినబడ్డాయి. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి అరుపులు చల్లారేదాకా ఆగారు. ఆగి, "ఇప్పుడు వైద్యం మొదలుపెడదామా?" అన్నారు.

బెలూన్ పంపి నాళం తెరిచారు. వేలు తీసేశారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, చుట్ట పోయింది. కాలు నిలబడింది. పండగ ఆరాధనకి మాస్టారు నాలుగు వేళ్ళతో ఆ హార్మోనియం తొక్కితే చర్చి పెంకులు లేచిపోయాయి.

కొత్తగా వచ్చేవాళ్ళకి

ఎవరి ఆకునీ వెక్కిరించకండి. వెక్కిరిస్తే ఆకు మానరు, మీకు చెప్పడం మానేస్తారు. "ఏం తాగుతున్నారండీ? దానికోసం ఏం ఆపేశారండీ?" ఈ రెండు ప్రశ్నలు అడగండి. రెండోదే ముఖ్యం. కషాయం తాగి కాలు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తక్కువే కనిపించారు. కషాయం ఉంది కదా అని మాత్ర ఆపేసినవాళ్ళే కుప్పలు. మాత్రా కషాయమూ రెండూ తాగి షుగరు మరీ పడిపోయి గుమ్మంలో కూలినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఏది తాగినా డాక్టరుకి తెలియాలి. భార్యాభర్తల్ని విడివిడిగా అడగండి. అంకెని నమ్మకండి, వినండి. పొగాకు గురించి మొహమాటపడకుండా అడగండి, మాస్టార్లనీ, పాస్టర్లనీ, ముసలమ్మలనీ కూడా. మన లంకల్లో అది పవిత్రమైన పంటేమీ కాదు.

నాకు ఎందుకింత చిరాకంటే, కాళ్ళు దక్కించుకోవడానికి దారి ఉంది. రహస్యం కాదు, ఖరీదూ కాదు. ఇంటి పెరట్లో దాన్ని కప్పేసి అన్ని ఆకులూ మొలిచాయి.

కల్పించింది

క్యూ రైల్వే స్టేషన్ దాకా వెళ్ళలేదు. అద్దాలు అదరలేదు. అరుపులు ధవళేశ్వరం దాకా కాదు, వరండా దాకా. ఇవన్నీ ఊదినవి. కల్పించినవి కావు.

కల్పించింది ఒక్కటే: కాలు నిలబడిందన్నది. ఆ పండగ పాట దానికి తోక.

బెలూన్ ఆ పూడిక దాటలేదు. కింద నాళం రాయి కట్టేసి ఉంది. ముందు వేలు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింద తీసేశారు. ఆ ఇద్దరి రహస్యాలూ ఏడాది ముందు ఒకే గదిలో బయటపడి ఉంటే పరిస్థితి వేరేగా ఉండేదని డాక్టరు గారు అన్నారు. నిజం ఎప్పుడు బయటపడ్డా చాలు, కాలు దక్కుతుందని మీరు అనుకుంటారేమోనని దీన్ని ఒప్పుకుంటున్నాను. చాలదు. టైముకి బయటపడాలి.

కిందటి నెల ఆ ఊరు వెళ్ళాను. హార్మోనియం మీద చేతులు మాస్టారివి. పక్కన స్టూలు వేసుకుని తొక్కేది గ్రేసమ్మ గారు. "నెమ్మదే, నెమ్మది" అని ఆయన, "నాకు తెలుసులెండి" అని ఆవిడ. ఆరాధన అయ్యాక ఆవిడ నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"సౌండు గారూ, మాత్రలు నేనే లెక్కపెట్టి ఇస్తున్నానండి. ఆ రెండో కాలికి ఏదైనా మంచి ఆకుంటే చెబుతారా?"

ఎప్పుడూ వచ్చే చిరాకు నోటిదాకా వచ్చింది. "మీరు వేసే ఆకులు చాలండీ. ఆయన కాల్చే ఆకు ఉందేమో చూసి పారెయ్యండి" అన్నాను.

"అది కాలితోపాటే పోయిందండి" అన్నారావిడ.

దీన్ని ఊదడానికి నాకేమీ దొరకలేదు.